మాబు సాబ్ గొళ్ళెం చాకు

ఏమ్మే అంజనమ్మా, ఆ చాకు ఇట్లియ్యి. ఆఁ ఆఁ, చేతికియ్యద్దు! కింద పెట్టు, నేను తీసుకుంటా. ఇనుము చేతికి చేతికి ఇస్తే కొట్లాటొస్తాదని మా అమ్మ చెప్తాండె. ఊఁ... బెంగళూరుదా? బాగానే ఉండాది. కానీ తెరిస్తే చప్పుడే ల్యా చూడు. చాకంటే తెరిచినప్పుడు మాట్లాడల్ల. నా మాట కాదు, మాబు సాబ్ మాట. నువ్వు యాడ చూసింటావ్, మీ అమ్మ పెండ్లికి ముందే పోయినాడు ఆ మహానుభావుడు. ఉరవకొండ సంత జరిగే తావున రేకుల కింద కొలిమి పెట్టుకోని కుచ్చుంటాండె. తుమ్మకట్టె మాదిరి సన్నటి మనిషి. నిప్పురవ్వలు పడి గడ్డం ఆడాడ మాడి ఉంటాండె. "మా ఆయనకు మంగలితో పని ల్యా, కొలిమే కత్తిరిస్తాది" అని ఆయప్ప పెండ్లాం మేరాజ్ బీ నవ్వేది. ఆయమ్మ నవ్వితే రేకులు అదిరేటివిలే. ఒకసారి నాకు ఇంత బెల్లం పెట్టింది... సర్లే, అది వేరే కత.

మా నాయన తిప్పన్న గొర్లు కాసేటోడని నీకు తెలుసు కదా. గొర్లకాపరికి చాకు ల్యాకుంటే చెయ్యి ల్యానట్లే. కొమ్మ కొట్టల్లన్నా, గిట్టలు చెక్కల్లన్నా, కాల్లో ముల్లు తియ్యల్లన్నా, సంగటిలోకి ఎర్రగడ్డ కొయ్యల్లన్నా అదే. మడిచి జేబులో ఏసుకునే చాకు. కానీ మడిచేదానికి ఒక జబ్బుండాది, మడవగూడనప్పుడు మడిసిపోతాది. మా నాయన సంతలో ఎవురి చాకు కనపడినా తీసుకోని, తెరిచి, అదిమి, ఊపి చూసేది. పెండ్లికూతుర్ని చూసినట్ల చూస్తాడప్పా అని జనం నవ్వేది. మొదట్లో ఆయనకాడ మేకు చాకు ఉండె. అలుగుకూ, అదే కోసే ఇనుముకూ, పిడికీ నడుమ ఒక మేకు, అంతే. ఎండాకాలం పిడికట్టె ఎండిపోయి అలుగు లడలడ ఊగుతాది. మనకు ఎండాకాలం కానిదెప్పుడే? దాన్ని పారేసి బద్ద చాకు కొన్న్యాడు. వీపున ఉక్కుబద్ద ఉంటాది, తెరిస్తే టక్కని నిలబడతాది, బాగుండాదనుకుంటాము. ముందుకు పొడిస్తే బద్ద లొంగిపోతాది. "ఇది మెత్తని మొగుడు. ఎవురు అదిమితే వాళ్ల దిక్కు వాలిపోతాడు" అని మా నాయన. మా అమ్మ నల్లమ్మ వింటాండంగనే అనేది, ఆయమ్మ ఊరుకుంటాదా, "మాకు అట్లాటోడు దొరకలేదులే" అనేది. బళ్లారి నుంచి సామాన్లు తెచ్చి అమ్మే బసప్ప ఉంగరం చాకు చూపిచ్చినాడు. మెడకాడ ఉంగరం తిప్పితే అలుగు బిగుసుకుంటాది. గట్టిదే, కాదనను. కానీ మన ఎర్రదుమ్ము దూరితే ఉంగరం తిరగదు, తిప్పనీకి రొండు చేతులు కావల్ల. "ఒక చేత్తో గొర్రెను పట్టుకోనుంటా, మూడో చెయ్యి నువ్విస్తావా బసప్పా?" అని మా నాయన దాన్ని ఎనక్కిచ్చేసినాడు.

అప్పుడు పోయినాడు మాబు సాబ్ కాడికి. "సాయిబూ, ఒంటిచేత్తో తెరవల్ల, దానంతటది మడవగూడదు, అట్లాటి చాకు చెయ్యి" అన్న్యాడు. ఆయప్ప తల గోక్కుని, "వాకిలికి గొళ్ళెం ఉన్నట్ల చాకుకు పెడదాం తిప్పన్నా, పొట్టేలి కొమ్ము తెచ్చియ్యి పిడికి" అనె. పాత లారీ పట్టీ కాల్చి అలుగు కొట్టినాడు. వీపున బద్ద పెట్టి, బద్ద ముందర పన్ను మాదిరి ఒక కొక్కెం దీసినాడు. అలుగు మొదట్లో గాటు కోసినాడు. చాకు తెరిస్తే ఆ పన్ను పోయి గాట్లో పడతాది, టకా అని. ఎనకాల బొటనేలితో అదిమితేనే మల్ల లేస్తాది. దాన్ని తెచ్చినరోజు మా నాయన సంగటి తినడమే మర్సిపోయినాడు. తెరిచేది, మడిచేది, టకా, టకా. మా అమ్మ "దాన్నే తిను" అని సంగటి తట్ట తీసుకోని పాయె. దాన్ని చూసి కాపర్లందరూ మాబు సాబ్ కాడికి పోయిరి. ఆయప్పకు ఊపిరి తిప్పుకునే తీరిక ల్యాకుండ పాయె.

ఇంగ వినుకో. మనలో పెండ్లికొడుకు చేతిలో ఇనుము ఉండల్ల కదా, నిమ్మకాయ గుచ్చి పట్టుకోని తిరుగుతాడు, పసుపు పూసినకాడ్నుంచి తాళి కట్టేదాంక దించడు. మా మేనత్త కొడుకు ఎర్రిస్వామి పెండ్లికి మా నాయన ఈ చాకే ఇచ్చినాడు, తళతళ మెరుస్తాందని. యాడాది తిరక్కముందే వానికి మొగబిడ్డ. అంతే! ఊర్లో పెండ్లికొడుకులందరికీ తిప్పన్న చాకే కావల్ల. పెండ్లికని అడిగితే ల్యాదనేది ఎట్ల? ఇచ్చినాడు, మల్ల ఇచ్చినాడు. ఆ తరువాత యాడాది, వజ్రకరూరు దిక్కు తొలకరి పడి జనాలు నేల చూసుకుంటా వజ్రాలు ఎతుకుతాంటే, మా నాయన ఒక గట్టు మీద గొర్రె గిట్ట చెక్కుతాండె. చాకు మడిసిపాయె. చూపుడేలు తెగి వేలాడె. ఆస్పత్రిలో కుట్లేసిరి, వేలు నిలిచె గానీ మడవనీకి రాలా. చచ్చేదాంక ఆ వేలు ఇట్ల నిక్కబొడుచుకోనే ఉండె, నీకే దోవ చూపిస్తాండాడేమో అన్నట్ల.

కట్టు ఇప్పకముందే సంతకు పోయినాడు. "మాబు సాబ్ గొళ్ళెం ఒట్టి మోసం! నమ్మితే నా వేలు తీసింది!" అని నడిసంతలో అరిసినాడు. చాకుల సంగతిలో మా నాయన మాటంటే కాపర్లకు రాతిమీద గీత కదా. ఎవురూ కొనకుండ పోయిరి. కొన్నోళ్లు కూడా తెచ్చి ఆయప్ప ముందర పడేసి పోయిరి. బసప్ప ఉంగరాలకు గిరాకీ వచ్చె. కొలిమి చల్లారిపాయె. నలభై ఏండ్లు ఇనుముతో బతికిన మనిషి, చేతికి చెడ్డపేరొస్తే ఇంగేముంటాది? మేరాజ్ బీ చెప్పిందంట, "ఈడ కుచ్చోని ఏడ్చేదానికన్నా పోయి ఆ చాకు అడిగి చూడు. తప్పు నీదైతే కొలిమి పగలగొడదాం. కాకుంటే ముట్టిద్దాం." ఆడదంటే అట్లుండల్ల.

పైటాల, ఎండ నడినెత్తిన ఉండంగ, వచ్చినాడు మాబు సాబ్ మా ఇంటికి. మా నాయన మొగం తిప్పుకోని వాకిట్లో కట్టమీద కుచ్చున్న్యాడు, రాప్పా అని కూడా అనలా. మా అమ్మే చూరులో దోపిన చాకు తీసి ఆయప్ప ముందర పెట్టె. తెరిచినాడు. టుప్ అనె. మల్ల తెరిచి చెవికాడ పెట్టుకున్న్యాడు. టుప్. వాసన చూసినాడు. తుమ్మముల్లు తీసుకోని ఆ గాట్లో గీకినాడు. పసుప్పచ్చగా, తుప్పు కలిసి, పెచ్చుపెచ్చుగా రాలె. నిమ్మరసం కారి కారి, పసుపుతో గట్టిపడి గాటు నిండిపోయిండాది. పన్ను లోపలికి పడకుండ పైపైన కుచ్చుంటాండాది. "తిప్పన్నా, నాకు గొర్లకని చెప్పి దీంతో ఎన్ని పెండ్లిండ్లు చేసినావప్పా?" అన్న్యాడు. మా అమ్మకు నవ్వాగలా, కొంగు నోట్లో కుక్కుకునె. మా నాయన నవ్వలా. నిక్కబొడిచిన వేలు చూసుకుంటా కుచ్చున్న్యాడు. ఆయప్పే, "నీ తప్పు ఏముండాదిలే. పెండ్లికడిగితే ఇయ్యాల్సిందే. గాట్లో తడి పడితే బయటికొచ్చే దోవ నేనే పెట్టలా" అని, ఇంటికి తీసుకపోయి గాటు అడుగున సన్నటి బెజ్జం పెట్టినాడు. ఊరి పెండ్లికొడుకులకని మేకు చాకొకటి వేరేగా చేసిచ్చినాడు. "వీళ్లకు గొళ్ళెం ఎందుకు? పెండ్లైనంక అదే పడతాది" అనె. మేరాజ్ బీ వినలేదో ఏమో ఆ మాట.

కానీ సంతలో పోయిన పేరు మా ఇంట్లో నవ్వితే తిరిగొస్తాదా? మా నాయన తప్పైందని చెప్పే రకం కాదు, పెండ్లాంతో కూడా ఒకరోజన్నా అన్న్యోడు కాదు. వచ్చే సంతకు నన్నూ తీసుకపాయె. నడిసంతలో నిలబడి ఆ చాకు తెరిసినాడు. టకా. అందరూ తిరిగి చూసిరి. పిడిని కుడిచేత్తో, అదే నిక్కబొడిచిన వేలున్న చేత్తో పట్టుకున్న్యాడు. అలుగు మడిస్తే వచ్చి పడే గాడి ఉంటాది చూడు, దాంట్లో ఎడమచేతి వేలు పెట్టినాడు, మంచి వేలు. అలుగు వీపును బసప్ప అంగడి గుంజకేసి అదమబట్టె. "తిప్పన్నా, వద్దప్పా!" అని మాబు సాబ్ లేసి వచ్చె. "గొళ్ళెం నీది, వేలు నాది. నడుమ నువ్వు మాట్లాడొద్దు" అనె మా నాయన. మెడనరాలు లేసేదాంక అదిమినాడు. గుంజ కిర్రుమనె. బసప్ప "నా గుంజ, నా గుంజ" అంటాడు. మాబు సాబ్ అటు తిరిగి కండ్లు మూసుకున్న్యాడు. చాకు మడవలా. మా నాయన వేలు తీసి, గీటు కూడా పడనిదాన్ని అందరికీ చూపిచ్చి, చాకు మడిచి జేబులో ఏసుకోని, ఏమీ జరగనట్ల మిరక్కాయల రాశి కాడికి పోయినాడు. కాపర్లు ఒకరి మొగం ఒకరు చూసుకోని రేకుల దిక్కు నడిసిరి. మాబు సాబ్ చొక్కాచేత్తో కండ్లు తుడుసుకుంటా, "పొగ, పొగ" అంటాడు. కొలిమి ఇంకా ముట్టిచ్చనే లేదే...

ఊఁ. పా, మబ్బు పట్టింది, మిద్దె మీద చెనిక్కాయలు ఎత్తుదాం.