బేగి రా, బ్యాగు కాదు

హలో… హలో… ఆఁ, నేనేనండీ మాస్టారూ, కరుణకుమారిని… నర్సీపట్నంలోనే. తాతబ్బాయి గారి మిల్లు నుంచి… మిల్లు! బియ్యం మిల్లు!… ఆ సప్పుడు అదేనండి. ఒక్క నిమిషం… తాతబ్బాయి గారూ, కాస్త మిషను ఆపించరా? మద్రాసు నుంచి మా మ్యూజిక్ డైరెక్టరు గారు, ట్రంకు కాల్!… ఆఁ, ఆపేసారు. సెప్పండి మన్మథరావు మాస్టారూ.

…పెళ్ళి బాగా జరిగిందండి. మా తమ్ముడు జీవరాజుకే, పాస్టరుగారు "ఒప్పుకుంటావా" అనడిగితే ఏటి సెప్పాలో గ్యాపకం రాలేదు. నేనే ఎనకాల నుంచి "ఒప్పుకుంటాను" అనేసాను… కోరస్ అలవాటు కదండీ.

…రికార్డింగా? ఇయ్యాలేనా? నేను రాసిన పాటా?… దేవుడికి స్తోత్రం! మరంత నీరసంగా సెప్తారేటండీ?

…బొంబాయి నుంచొచ్చిన గాయనిగారు ఏటని పాడతన్నారు?… "బ్యాగు రా బ్యాగు"?… అయ్యో, బ్యాగు కాదండీ! బేగి! బేగి రా అంటే తొరగా రమ్మని. సంచీ తెమ్మని కాదు!

…పదమూడు టేకులా!

…ఒద్దండి, మాట మార్చకండి. మీకు దణ్ణం పెడతాను… "త్వరగా రా త్వరగా" అంటే టెలిగ్రాం ఇచ్చినట్టుంటాది గానీ, మనసైనోడిని పిలిసినట్టుంటాదేటి?… పాప్ పాటైతే మా ఊరి మాట ఉండకూడదని ఎవరన్నారు?

…తెలుసండి. కోరస్ అమ్మాయినే. పదకొండేళ్ళ బట్టీ మీరేటి పాడమంటే అదే పాడాను. "ఆ ఆ" అన్నాను, "లలలా" అన్నాను. రేడియోలో ఆ సబ్బు ప్రకటనలో బుడగలు పేలిన సప్పుడు నాదే. వాన పాటలో కప్పని నేనే. రెండో కప్ప తాగేసొచ్చాడని, రెండు కప్పలూ నేనే అరిసాను. ఎప్పుడన్నా ఎదురు సెప్పానా?… గ్యాపకముంది కదా? అయితే ఈ ఒక్క మాటా నాకు ఒదిలీండి మాస్టారూ. మీరు ఒప్పుకున్న నా మొదటి పాట.

…ఫోన్లోనా? ఆవిడికి నేర్పాలా?… ఇక్కడ ఇరవై మంది బస్తాల మీద కూకుని నన్నే సూస్తన్నారండి… సరే, సరే. ఫోను మీ ఇద్దరి సెవుల మద్దిన ఎట్టి, నేనన్నది ఆవిడికి హిందీలో సెప్పండి.

నమస్తే అండీ… నోరు సాగదియ్యండి. మేకని తల్సుకోండి. బే… ఆఁ! మేక బెమ్మాండంగా ఒచ్చింది! ఇప్పుడు "గి"… కాదు… కాదండీ, మళ్ళీ బ్యాగయిపోనాది… ఏడవకండమ్మా, నేను పాడతాను, ఇనండి.

"బేగి రా, బేగి… బస్సు కదిలిపోతాది
బేగి రా, బేగి… మనసు మారిపోతాది…"

…మాస్టారూ? ఆ "ఊహూ ఊహూ" ఎవరంటారా? మిల్లు కూలోళ్ళండి. జోగులమ్మ పిన్నీ, ఊరుకో! ట్రంకు కాలు ఇది!… ఏటండీ?… ఆపొద్దా?… పిన్నీ, ఆపొద్దంటన్నారు! మళ్ళీ అనండి అందరూ. భీమన్నా, ఆ డబ్బా అలాగే వాయించు. "బేగి రా, బేగి…"

…హలో? అక్కడ ఏటా గుసగుసలు?… ఏటి?… ఆవిడే అన్నారా? బొంబాయి ఆవిడే?… "ఈ అమ్మాయి చేతే పాడించండి" అన్నారా?… ఎగతాళి కాదు కదండీ?

…కాదు మాస్టారూ, ఒద్దనట్లేదు. భయం. కోరస్‌లో అయితే పక్కామె ఊపిరి తీసుకున్నప్పుడు నేను పాడతాను, నేను తీసుకున్నప్పుడు పక్కామె పాడతాది. పాట మొత్తం అంటే ఊపిరి మొత్తం నాదే కదా… నవ్వకండి.

…మరి ఆవిడ సంగతో? ఇమానం ఎక్కి ఒచ్చారు కదా పాపం… కోరస్సా? ఆవిడా? నా ఎనకాలా?… "ఊహూ"కి తెలుగు రానక్కర్లేదన్నారా!… మంచి మనిషండీ. మా ఊరి జీడిపప్పు తెస్తానని సెప్పండి.

…ఆఁ. పాడతాను.

…పాడతానంటన్నాను మాస్టారూ! మిల్లంతా ఇన్నాక ఇంకేటి భయం? ఇయ్యాలే తుని ఎల్లి మెయిలు బండి ఎక్కుతాను. రేపు పొద్దున్నకి మద్రాసు సెంట్రల్లో దిగుతాను.

…రెండోసారి ఇచ్చిన మూడు నిమిషాలూ అయిపోనాయా? ఆపరేటరు గారూ, ఒక్క మాట, ఒక్కటే!… ఏటి మాస్టారూ? డిస్కు అట్ట మీద ఎయ్యడానికి పేరు కావాలా? ప్రెస్సుకి ఇప్పుడే పంపాలా?… రాసుకోండి. రచన, గానం, రెండిటికీ ఒకటే పేరు. కరుణ… "వరుణ్" కాదండీ! క! కలం "క"!… కరుణకుమారి… కుమార్ కాదు! కుమారి! "ర"కి గుడి!… గుడండీ! గుడి!… తిరపతి గుడి కాదు, అక్షరం మీద… హలో?… హలో?…

కట్టయిపోనాది.

తాతబ్బాయి గారూ, తుని బస్సు ఎన్నింటికండి? ఆళ్ళు అచ్చేసేలోగా ఎల్లి, నా పేరుకి గుడి కట్టించుకోవాలి.