వీపు మీద పేరు

క్రీట్ దీవి కొండల్లో సిఫిస్ కాఫీ కొట్టు. నవంబరు నెల, ఆదివారం, పొద్దు వాలుతోంది. హెరాక్లియోన్ జట్టులో కొత్తగా చేరిన అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు టెరెల్ పొయ్యి పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. ముసలి సిఫిస్ అతని గ్లాసులో రాకీ అనే ఊరి సారా పోస్తున్నాడు.

"వద్దు పెద్దాయనా, ఇక చాలు. ఎల్లుండి మ్యాచ్ ఉంది నాకు."

"చాలనాల్సింది నువ్వు కాదు, పంపినాయన. ఇక్కడ ఎవరైనా గ్లాసు పంపితే తాగాలి, తాగేముందు వాళ్ళ వైపు ఎత్తి చూపించాలి. ఎత్తు. అటు కాదు, కిటికీ వైపు. ఆఁ, అలా."

"ఎవరాయన?"

"ఊరి పెద్దమనిషే. తల ఎలా ఉంది?"

"బొప్పి కట్టింది. మీ గుమ్మం మనుషుల కోసం పెట్టారా, మేకల కోసమా?"

"ఇద్దరి కోసమూ. ఇంత పొడుగు మనవడు అమెరికా నుంచి దిగుతాడని మా నాన్నకి ఎవరూ చెప్పలేదు మరి. నీతో వచ్చిన క్లబ్బు మనిషి ఏడీ? లాకిస్?"

"టైర్ల కోసం కింది ఊరికి వెళ్ళాడు. మేము చర్చి చూసి వచ్చేసరికి కారు నేల కరుచుకుని ఉంది. రెండు టైర్లలోనూ గాలి లేదు."

"రెండిట్లోనూనా! మా రాళ్ళు మంచివి కావు. దేంట్లో వెళ్ళాడు?"

"ఎవరో కుర్రాడు ట్రక్కులో ఎక్కించుకున్నాడు. నల్ల చొక్కా కుర్రాడు. అడక్కుండానే ఆగాడు."

"ఇక్కడ అందరివీ నల్ల చొక్కాలే. చీజ్ తిను. నా సరుకే. గొర్రెల పాలది."

"బాగుంది. మీకు ఇంగ్లిష్ ఇంత బాగా ఎలా వచ్చింది?"

"బాల్టిమోర్‌లో పద్దెనిమిదేళ్ళు పళ్ళేలు కడిగాను. ఆ డబ్బుతో వచ్చి చీజ్ వ్యాపారం పెట్టాను. ఊళ్ళో ఇంకెవరికీ రాదులే, నువ్వు ధైర్యంగా మాట్లాడు. ఆ సంచిలో ఏముంది?"

"జట్టు చొక్కా. నా పేరున్నది. నాకోసం బైబిల్ మీద చెయ్యేసి సాక్ష్యం చెప్పినాయన ఉన్నాడే, ఆయనకిద్దామని. నికిఫోరోస్. పొట్ట దాకా గడ్డం ఉంటుంది."

"అవునవును, పెద్ద గడ్డం."

"పాస్‌పోర్టు ఆఫీసులో ఒక్క పైసా తీసుకోలేదట. నేను ఒకసారి ఊరికి వచ్చి తను పోయించిన గ్లాసు తాగితే చాలు అన్నాడట. లాకిస్ చెప్పాడు. అంత మంచి మనిషిని నేను చూడలేదు. ఆయన ఇల్లెక్కడ?"

"ఇల్లెందుకు? ఇక్కడే కలుస్తాడు. ఏదీ, ఆ చొక్కా మడత విప్పు, చూద్దాం... వర్దాకిస్. అబ్బో, ఎంతెంత అక్షరాలు!"

"టీవీలో కనబడాలి కదా."

"కనబడింది. పోయిన ఆదివారం ఊరంతా ఇక్కడే కూర్చుని చూశాం. నువ్వు బంతి వేసినప్పుడల్లా ఆ మాట్లాడేవాడు వర్దాకిస్! వర్దాకిస్! అని గొంతు చించుకుంటున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు."

"కొట్టలేదా? గెలిచాం కదా."

"గెలిచారు. కానీ ఆ పేరు ఈ కొట్టులో మా ఊరివాళ్ళెవరూ పైకి అనక అరవై ఏళ్ళు దాటింది."

"ఎందుకని?"

"ముందు నాకు మీ తాత సంగతి చెప్పు. మా స్త్రాతిస్. అమెరికాలో ఎలా ఉండేవాడు?"

"తాతా... నేను చిన్నవాణ్ణి అప్పటికి. మా అమ్మ చెబుతుండేది. కష్టజీవి. పాటలు పాడేవాడట."

"పాటలా? పాడేవాడు, పాడేవాడు. ఎడమచేత్తో తినేవాడా అక్కడ కూడా?"

"ఆఁ, ఎడమచేత్తోనే. మా అమ్మ నవ్వేది."

"ఎడమచేతికి వేళ్ళు లేవయ్యా వాడికి. పిల్లాడిగా ఉన్నప్పుడు జర్మన్లు వదిలేసిన మందుగుండుతో ఆడుకుంటే పేలింది. చెంచా కూడా నిలిచేది కాదు."

"చీజ్... ఇంకో ముక్క తీసుకుంటాను."

"తిను, తిను. గొంతుకి అడ్డం పడుతుంది, నెమ్మదిగా."

"పెద్దాయనా..."

"నాకు చెప్పక్కర్లేదు. జట్టులో పరదేశీలు ఇంతమందే ఉండాలని లెక్క. ఆ లెక్క నిండింది. గ్రీకు తాత ఒకడు దొరికితే నువ్వు పరదేశివి కావు. అందుకని ఒక తాతను చూశారు. ఓడెక్కి పోయి మళ్ళీ ఉత్తరం ముక్క రాయనివాడు, నా మనవడు కాదని చెప్పడానికి లేచి రానివాడు. అంతేనా?"

"ముప్పై మూడేళ్ళు నాకు. మోకాలు రెండుసార్లు కోశారు. ఇంటి దగ్గర ఏ జట్టూ పిలవడం లేదు. ఇక్కడ రెండేళ్ళు ఆడితే నా కూతురి చదువు గట్టెక్కుతుంది. పేరే కదా అన్నాడు లాకిస్. చనిపోయిన మనిషి పేరు, ఎవరికి నష్టం అన్నాడు. దయచేసి ఎవరికీ చెప్పకండి."

"నేనా? ఎవరికి చెప్పాలి? ఊరందరికీ తెలుసు."

"తెలుసా?"

"నిన్ను చూసి స్త్రాతిస్ మనవడని ఎవరనుకుంటారు? వాడు నా భుజం దాకా వచ్చేవాడు. పాలలా తెల్లగా ఉండేవాడు."

"మరి ఎవరూ కాదనలేదే? నికిఫోరోస్ అంతటి మనిషి ప్రమాణం చేశాడు కదా?"

"అదే నేనూ ఆలోచించాను. నలభై ఏళ్ళుగా సరుకు కొంటున్నాను, అమ్ముతున్నాను. ఊరికే ఇచ్చేవాడిని చూస్తే నాకు భయం. ఇంకో గ్లాసు వచ్చింది, ఎత్తు."

"ఎందుకలా చూస్తున్నాడాయన? ఆయన ముఖమేమిటి అలా ఉంది, పైన కాఫీ రంగు, కింద పాల రంగు?"

"కొండల్లో తిరిగేవాళ్ళకి ఎండ ఒక్కోచోట ఒక్కోలా తగులుతుంది. స్త్రాతిస్ ఎందుకు వెళ్ళిపోయాడో క్లబ్బు వాళ్ళు నీకు చెప్పారా?"

"బతుకుతెరువుకి అన్నారు."

"బతకడానికే. అది నిజమే. గొర్రెల బొచ్చు కత్తిరించే రోజున ఇక్కడ విందు చేస్తాం. ఆ విందులో లగుదాకిస్ ఇంటి పెద్దాయన, మీ తాత మందలో గొర్రె మెడకి ఒక గంట చూశాడు. ఇది నాదే, నా దొడ్లోంచి పోయింది అన్నాడు. అంతే, ఒక గంట. ఇంత ఉంటుంది, నా పిడికిలంత. మీ తాత లేచాడు, ఇంట్లోకి వెళ్ళాడు, వచ్చాడు."

"వచ్చి?"

"కుడి చెయ్యి బాగానే ఉండేది వాడికి. ఒకటే దెబ్బ, లగుదాకిస్ పెద్దాయన మళ్ళీ లేవలేదు. తెల్లారేసరికి ఓడెక్కేశాడు."

"ఆయన నా తాత కాదు."

"తెలుసు. నేను చెప్పేది స్త్రాతిస్ గురించి. వాడి అన్నదమ్ములు పెళ్ళిళ్ళు చేసుకోలేదు. ఎవరు పిల్లనిస్తారు? పిల్లాడు పుడితే ఆ పిల్లాడు నెత్తురు బాకీలోకి వస్తాడాయె. ఎక్కడెక్కడో దాక్కుని, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మంచాల మీదే పోయారు. ఇంటి కప్పు కూలింది. వర్దాకిస్ అనేవాడు ఈ భూమ్మీద లేకుండా పోయాడు. అటు లగుదాకిస్ ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లాడు ఉండిపోయాడు, తండ్రి చొక్కా కడగనివ్వకుండా దాచుకుని. వాడికి గడ్డం మొలిచింది. కత్తి పెట్టనివ్వలేదు. వర్దాకిస్ ఇంటి మగాడు ఒకడు నేలకొరిగే దాకా పెట్టనివ్వనని తల్లికి మాటిచ్చాడు."

"ఆగండి, ఆగండి. గడ్డం అన్నారు."

"పెళ్ళికి కూడా గీసుకోలేదు. పెళ్ళికూతురు ఏడ్చింది."

"పెద్దాయనా, ఆయన పేరేమిటి?"

"నువ్వు చొక్కా తెచ్చింది ఆయనకే కదయ్యా."

"లేదు. లేదు. ఆయన నాకు సాయం చేశాడు. ఆయన వల్లే నాకు..."

"ఆయన వల్లే నీకు పేరొచ్చింది. సర్కారు ముద్ర పడింది. ఆలోచించు, నువ్వు కుర్రాడివి, లెక్కలు వచ్చినవాడివి. బాకీ కట్టాల్సినవాళ్ళు వారసుణ్ణి దాచుకుంటారు. మరి వారసుణ్ణి వెతికి తెచ్చేదెవరు?"

"కానీ నేను కాదని ఆయనకి తెలుసు కదా! మీరే అన్నారు, అందరికీ తెలుసని!"

"అరవకు. వాళ్ళకి మన మాటలు అర్థం కావు, నీ ముఖం అర్థమవుతుంది. నవ్వు. కొంచెం నవ్వు."

"నేను స్త్రాతిస్ రక్తం కాదు. ఒక్క చుక్క కూడా."

"కాదు. ఆయన రక్తం కోసం జీవితమంతా వెతికాడు, దొరకలేదు. డెబ్బై దాటాయి. ఛాతీలో నొప్పి. పోయాక తల్లికి ఏం చెబుతాడు? ఇంతలో మీ లాకిస్ ఊళ్ళోకి వచ్చి, వర్దాకిస్ పేరు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని ఇదిగో ఈ బల్ల దగ్గరే కూర్చుని అడిగాడు. రక్తం దొరకనివాడికి పేరు దొరికింది. వీపు మీద ఇంతింత అక్షరాలతో."

"రేపు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి చెప్పేస్తాను. స్త్రాతిస్ నా తాత కాదని రాసిస్తాను."

"రాసివ్వు. పాస్‌పోర్టు పోతుంది, జట్టు పోతుంది, జైల్లో కూడా వేస్తారేమో."

"జైలే నయం."

"నయమే. కానీ ఆఫీసు హెరాక్లియోన్‌లో ఉంది. నువ్విక్కడున్నావు."

"పోలీసులకి ఫోన్ చేయండి. నా ఫోన్‌కి సిగ్నల్ లేదు."

"పోలీసు కింది ఊళ్ళో ఉంటాడు. లగుదాకిస్ వాళ్ళ అల్లుడు. మంచివాడే. ఆదివారం ఫోనెత్తడు."

"లాకిస్ వచ్చేస్తాడు. ఈపాటికి వచ్చెయ్యాలి. ఆ ట్రక్కు కుర్రాడు..."

"నికిఫోరోస్ తమ్ముడి కొడుకు. లాకిస్‌నేమీ చెయ్యరు. టైర్ల కొట్టు కట్టేశారని చెప్పి ఏదో విందుకి తీసుకుపోతారు. బాగా తినిపిస్తారు."

"మరి మీరు? ఇదంతా తెలిసి నాకు గ్లాసులు పోస్తూ కూర్చున్నారా?"

"నేను వాళ్ళ పాలు కొంటాను, వాళ్ళు నా కొట్టులో తాగుతారు. ఇంకో ఊరికి పోయి బతికే వయసు కాదు నాది. కానీ పురుగు పట్టిన చీజ్ ఎప్పుడూ చెప్పకుండా అమ్మలేదు నేను. నువ్వు ఏం తీసుకున్నావో నీకు తెలియాలి. ఎవరూ చెప్పలేదు, నేను చెప్పాను."

"రాజీ ఉండదా? ఆయన కాళ్ళు పట్టుకుంటాను. నిజంగా. మోకాళ్ళ మీద కూర్చుంటాను."

"ఉంటుంది. రెండిళ్ళ వాళ్ళూ చర్చిలో ముద్దు పెట్టుకుంటారు, ఒకరి పిల్లకి ఇంకొకరు జ్ఞానస్నానం చేయించి చుట్టాలవుతారు. అయితే ఇవతలి వాడు నిజంగా అవతలి ఇంటివాడై ఉండాలి. నువ్వు వర్దాకిస్‌వని అంటేనే రాజీ. కాదంటే ఎవరితో రాజీ?"

"అయితే నేను ఇక్కణ్ణుంచి కదలను."

"మంచిది. ఈ గడప లోపల ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తరు. మా తాత పెట్టిన కట్టుబాటు. నెత్తురు పడిన చోట ఎవడు కూర్చుని కాఫీ తాగుతాడు?"

"రాత్రంతా ఉంటాను."

"దీపం పెట్టే వేళకి కట్టేస్తానయ్యా. ఆదివారం కదా."

"పెద్దాయనా, మీకు దణ్ణం పెడతాను. ఆయన కోపంగా ఉన్నాడని ఎలా తెలుసు? ఒకవేళ మనసు మారి ఉండొచ్చు. ముసలాయన. నిజంగానే చూద్దామని పిలిచి ఉండొచ్చు."

"ఉండొచ్చు. గడ్డం చూస్తే తెలిసిపోతుంది."

"గడ్డం చూస్తేనా?"

"గడ్డం అలాగే ఉంటే ఇంకా రోజు రాలేదని. మా వాళ్ళు పనికి ముందే గీసుకుంటారు. పని అయ్యాక తీరికెక్కడ? బేడీలేసి తీసుకుపోతారు. తండ్రి దగ్గరికి వెళ్ళేటప్పుడు, పెళ్ళికొడుకులా శుభ్రంగా వెళ్ళాలని కూడా అంటారు."

"మొన్న ఆఫీసులో గడ్డం ఉంది. నేను చూశాను."

"మొన్న ఉంది."

"వెనక తలుపుందా?"

"ఉంది. చీజ్ గదిలోంచి పోతే లోయలోకి దిగుతుంది. నీ ఎత్తుకి వంగి వెళ్ళాలి. చీకట్లో కూడా నిన్ను ఎవరైనా గుర్తుపడతారు."

"పర్లేదు. పరిగెత్తడం నా పని. ఆ గడ్డం ఆయన రాకముందే నన్ను అటు పంపండి. ఇంకా రాలేదు కదా? కొట్టులో గడ్డం ఉన్నవాళ్ళెవరూ లేరు. లోపలికి రాగానే చూశాను. ఒక్కరు కూడా లేరు."

"లేరు. పొద్దున్నే వచ్చి నా మంగలికత్తి అరువడిగి పట్టుకెళ్ళాడు. గ్లాసెత్తు మనవడా, కిటికీ దగ్గర్నుంచి ఇంకోటి పంపాడు."