గుమ్మం మాట

ఒకటో తరగతి గుమ్మం. బయట పెద్ద మేడమ్. లోపల టీచర్, అంటే ఆవిడ మేనకోడలు. గడప పక్కన బుల్లి కుర్చీలో, కాలు అడ్డంగా చాపుకుని, ఆరేళ్ల పాప.

“ఆ పిల్లని కాస్త కాలు తియ్యమను. లోపలికి రావాలి.”

“గుమ్మం మాట చెప్పాలి అత్తా.”

“బడిలో నేను అత్తని కాను. పెద్ద మేడమ్‌ని.”

“గుమ్మం మాట చెప్పాలి, పెద్ద మేడమ్.”

“నా బడిలో, నా గదిలోకి నేను రావడానికి మాటేమిటే?”

“ప్రణాళికలో రాశాను. మీరే సరేనన్నారు.”

“ఎప్పుడన్నాను?”

“చదవకుండానే అన్నారు.”

“సరే, ఇప్పుడు చెప్పు. ఏమిటట?”

“వారానికొకరు గుమ్మం దగ్గర కూర్చుంటారు. వాళ్ళింట్లో తలుపుని ఏమంటారో అది చెప్తేనే ఎవరైనా లోపలికి. ఆ తర్వాత అదే తలుపు మీద మన భాషలో పాఠం. తలుపు తట్టు, తలుపు తియ్యి, గడియ పెట్టు...”

“పాఠాలకి ప్రణాళిక రాయమంటే గుమ్మానికి కాపలా పెట్టావు.”

“ఈ గదిలో ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో భాష. తలుపంటే ఏమిటో అందరికీ తెలుసు, మాట ఒక్కటే కొత్త. తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాని దగ్గరికి నడిపిస్తే...”

“నడిపించు, నడిపించు. ఈ పిల్ల ఎంత దూరం నడిచింది?”

“ఎండలో నిలబడ్డారు మేడమ్. కాస్త ఇటు జరగండి.”

“మాట మార్చకు. ఎంత దూరం?”

“వింటోంది.”

“బడి తెరిచినప్పటినుంచీ వింటూనే ఉంది. మన మాట ఒక్కటన్నా ఆడిందా?”

“ఆడుతుంది.”

“ఆడుతుంది, ఆడుతుంది. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుంది. ముద్దుగానే ఉందిలే, కాదనను. కింది తరగతిలో పసివాళ్ళ మధ్య ఉంటే నోరు తిరుగుతుంది. వాళ్ళమ్మ నా ఆఫీసు గదిలోనే ఉంది, ఒప్పుకుంది. ఇప్పుడే తీసుకెళ్తా.”

“ఒప్పుకుందా, తలూపిందా?”

“రెండూ ఒకటేగా.”

“కాదు. ఆవిడకీ మన భాష అంతంత మాత్రం. మీరేమన్నా తలూపుతుంది.”

“మాటలన్నీ నువ్వే నేర్చుకుంటే ఆ పిల్లకేం మిగుల్తాయి? సంచీ తెచ్చుకోమను.”

“పిల్ల ముందు అనకండి.”

“దానికేం తెలుస్తుందే?”

“అత్తా, ఈ వారం కాపలా తనది. ఇన్నాళ్లకి వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. ఇప్పుడు కుర్చీలోంచి దించి పంపేస్తే మళ్ళీ ముడుచుకుపోతుంది. నాకు ఏడుపొస్తుంది, చెప్తున్నా.”

“ఏడవకు. పిల్లలు చూస్తున్నారు.”

“అయితే మాట చెప్పి లోపలికి రండి. వచ్చాక తీసుకెళ్ళండి. నేను అడ్డం రాను.”

“ఇంతేగా? ఏమ్మా, తలుపు. ఇదిగో, దీన్ని ఏమంటారు?”

“హ్రోఖ్.”

“ఏమిటీ?”

“హ్రోఖ్.”

“హొ... క్. అయింది. కాలు తియ్యి.”

“తియ్యదు. తల అడ్డంగా ఊపుతోంది చూడండి.”

“హ్ర... ఖ్... గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టుందే. వీళ్ళంతా చెప్పే వచ్చారా?”

“పొద్దున్నే చెప్పి కూర్చున్నారు. నాకే ఒక పూట పట్టింది.”

“వెనకాల నవ్వేదెవరు?”

“అందరూను.”

“హ్రొగ్... కాదు, హ్రొ... మంచినీళ్ళివ్వు. ఇంతమందికి చదువు చెప్పినదాన్ని, ఇదేం ఖర్మే నాకు. నోరు తెరవాలంటే సిగ్గేస్తోంది.”

“వేస్తుంది మరి.”

“ఏమిటా నవ్వు?”

“ఏం లేదు. మళ్ళీ అనండి.”

“అనను. అందరూ నా నోటివంకే చూస్తుంటే ఉన్న మాట కూడా పోతోంది.”

“టీచర్... మేడమ్‌ని కింది తరగతికి పంపకండి. ఇక్కడే, గుమ్మం దగ్గర నా పక్కన కుర్చీ వెయ్యండి. వింటూ ఉంటే వచ్చేస్తుంది.”