ప్లస్ టీజీ

ఏందే, జవాబు తప్పయితే మార్కులన్నీ పోతయంటవా? ఎవలు చెప్పిన్రు నీకు? మీ అమ్మమ్మ ముప్పై ఏండ్లు లెక్కలే చెప్పింది, నన్నడుగు. జర ఇటు జరుగు, కూసో.

ఇంటిగ్రేషన్ లెక్కకు స్టెప్పుకిన్ని మార్కులని ఉంటయి. సూత్రం రాస్తే కొన్ని, దాన్ని నడిపిస్తే కొన్ని. తొవ్వ సక్కగుంటే ఆఖరికి తప్పినా మిగిలినయి ఇయ్యాలె. ఇయ్యకుంటే నాకు తిక్కలేస్తది.

గప్పుడు తెలంగాణ లొల్లి జోరుమీదుండె. బండ్ల నంబర్ల మీద ఏపీ కొట్టేసి టీజీ రాసుకునేది జనం. మీ తాత సుత స్కూటర్‌కు రాసిండు, వంకరటింకర... సరే, గది ఇడిసిపెట్టు. మేం లెక్చరర్లమంత సమ్మెల ఉంటిమి, జనగామ రోడ్డు మీదనే వంటలాయె. ఇగ పిల్లలకు పాఠాలెక్కడియి? ఎవలంతకు వాళ్లే చదువుకున్నరు, పాపం.

గా ఏడాది ఇంటర్ పేపర్లు దిద్దతందుకు ఓరుగల్లు పోయిన. ఒక పేపరొచ్చింది. పేరుండది గద, చేతిరాత చూసి ఆడపిల్లనే అనుకున్న. లెక్క మంచిగ చేసుకుంట వచ్చి నడుమ మైనస్ మర్చిపోయింది. జవాబు తప్పు. పైంగ చివరికి స్థిరాంకమని ప్లస్ సీ పెట్టాలె గదా, ప్లస్ టీజీ పెట్టింది.

మా చీఫ్ ఎగ్జామినర్ సారు చూసిండు. గాయన గుడ మనోడే, కురవి దిక్కు. కొలువు భయం, అంతే. పేపర్ల నినాదం రాసిండ్రు, మొత్తం రద్దు చేయాలె అన్నడు. రద్దయితే గా పిల్లకు ఏడాది పోయినట్టే, మళ్ల కాలేజీకి పంపుతరో లేదో ఇంట్ల.

"సార్, గా స్థిరాంకానికి సీ అనే పేరు పెట్టాలని ఏ పుస్తకంల ఉంది?" అన్న.

పక్క బల్లలోళ్లు పెన్నులు ఆపి చూస్తున్నరు.

"రేపు పైనోళ్లు అడిగితే?" అన్నడు.

"నా సంతకం ఉంటది గద. నన్నే అడుగుమనుండ్రి."

పేపర్ తిప్పి ఒక్కొక్క స్టెప్పు మళ్ల చూసిండు. ఆఖరికి నా దిక్కు జరిపి, తప్పుకు కోసి స్టెప్పులకు వెయ్యమన్నడు. గట్లనే వేసిన. అన్ని కూడితే డెబ్బై అయిదుకు ఇరవై ఆరు వచ్చినయి. పాసు మార్కు గంతనే.

ఎవలో, ఏ ఊరో, ఏడున్నదో, సల్లగుండాలె. నువ్వు సుత సల్లగుండు బిడ్డా. జవాబు రాలేదని తెల్లకాయిదం మాత్రం ఇచ్చి రాకు. లోపట పేపర్లు దిద్దేకాడ నీ కోసం ఎవలన్న కొట్లాడాలన్నా, కాయిదం మీద నువ్వు రాసింది ఏమన్న ఉండాలె గద...