మస్తాను విన్న చివరి కథ

"తాతా, ఆ చివరి పుస్తకంలో కథలు ఎప్పుడు రాసినావు?" అంటావా? రికార్డు చేసే ఆ ఫోను ఇంకొంచెం దగ్గరికి పెట్టమ్మా. గట్టిగా మాట్లాడితే ఆయాసం వస్తుంది నాకు.

కరోనా వచ్చిన ఏడు, ఎండాకాలం. వీధిలోకి పోతే పోలీసోళ్లు తరుముతున్నారు. ఇంట్లో కూర్చుని ఏం చేయాలి? పొడుగు నోట్‌బుక్ ఒకటి తీసి పదకొండు కథలు రాసినా. అంతకుముందు ముప్పై ఏళ్లు ఒక్క ముక్క రాయలేదు.

మీ కాలేజీ సారు ఆ కథలు ఎగుడుదిగుడుగా ఉన్నాయన్నాడంటివే, నిజమే అన్నాడు. ఆరు కథలు ఒట్టి మూలుగు. ముసలి మాంత్రికుడు పాత కోటను తలుచుకుంటాడు, నాలుగు పేజీలు తలుచుకుంటాడు, కథ అయిపోతుంది. రెక్కల గుర్రం కథ ఉంది గదా, మోకాళ్ల నొప్పులతో దొనకొండ స్టేషన్ బయట కట్టేసి ఉంటుందే, అది మొదలు బాగుంటుంది. తర్వాత దాన్ని ఏం చేయాలో తెలియక ఏడిపించినా. గుర్రం ఏడిస్తే ఎవడు చదువుతాడు? వేలిముద్రలు అరిగిపోయి రేషన్ మిషన్ గుర్తుపట్టని మాంత్రికుడి కథ కొంచెం పర్వాలేదు. అవి నా వేళ్లే. ఇదిగో పట్టుకుని చూడు, ఎంత నున్నగా ఉన్నాయో. పలకల రాయి తినేసింది.

బాగున్నది ఒకటే. నువ్వు కనిగిరి నుంచి బస్సెక్కి వచ్చింది కూడా దాని కోసమే, నాకు తెలుసులే.

దాని సంగతి చెప్పాలంటే మస్తాను గురించి చెప్పాలి. నేను పన్నెండేళ్లకే మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో చేరినా. పలకలు కోసేవాణ్ణి గానీ పలక మీద రాయడం రాదు. మా పల్లె చర్చి పంతులు రాత్రిపూట కూర్చోబెట్టి నేర్పితే పద్దెనిమిది, కాదు, ఇరవై ఏళ్లకు అక్షరాలు వచ్చినాయి. మస్తాను నా ఎదురుగా కూర్చుని పలకలకు చెక్క చట్రాలు బిగించేవాడు. వరస లేకపోయినా బావా అంటే బావా అనుకున్నాం. వాడి పెండ్లాం హుసేన్‌బీ నాకు చెల్లెలయింది.

అప్పట్లో నేను మాంత్రికుల నవలలు రాసేవాణ్ణి. అద్దె పుస్తకాల దుకాణంలో రోజుకు పావలా. ఎట్ల రాసేవాణ్ణంటే, బీటపడిన పలకలు పక్కన పారేస్తారు గదా, వాటి మీద బలపంతో రాసి, అన్నం వేళకు మస్తానుకు చదివి వినిపించేవాణ్ణి. వాడు బాగుంది, బాగాలేదు అనడు. నమలడం ఆపినాడంటే బాగున్నట్టు. నోట్లో ముద్ద అట్లే పెట్టుకుని నన్ను చూసేవాడు. ఆ ముక్క రాత్రికి కాగితం మీదికి ఎక్కించేవాణ్ణి. "బావా, పచ్చడి ఇటు నూకు" అన్నాడనుకో, తడి గుడ్డతో తుడిచేసేవాణ్ణి. పత్రికల వాళ్ల మాట ఎప్పుడూ లెక్క చేయలేదు, వాడి దవడే చూసేవాణ్ణి. ఇరవై రెండు నవలలు అట్ల రాసినవే.

టీవీలు వచ్చినాక ఆ దుకాణం మూసేసినారు. తర్వాత ఫ్యాక్టరీ పోయింది. నేను రాయడం మానేసినా.

హుసేన్‌బీ పోయినాక మస్తానుకు మతిమరుపు పట్టుకుంది. పొద్దున లేస్తానే "మీ అమ్మ ఏదిరా?" అంటాడు. మొదట్లో కొడుకు నిజం చెప్పినాడు, చచ్చిపోయింది నాయనా అని. వాడు అప్పుడే విన్నట్టు తల బాదుకుని ఏడ్చినాడు. మర్నాడు మళ్లీ అడిగినాడు, మళ్లీ ఏడ్చినాడు. ఇట్ల వారం చూసి కోడలు షంషాద్ ఒక మాట కనిపెట్టింది. "అత్తమ్మ గిద్దలూరు పోయింది మామా, వాళ్ల చెల్లెలి దగ్గరికి. సాయంత్రం వస్తుంది." అంతే, వాడు నిమ్మళమైనాడు. సాయంత్రం బస్సుల వేళకు అరుగు మీద కూర్చునేవాడు, ఆలోపల మరిచిపోయేవాడు. నేను పోయినప్పుడు నన్నూ అడిగేవాడు. నేనూ అదే చెప్పేవాణ్ణి. "బస్సు లేటు బావా" అని. చెల్లెల్ని మట్టి చేసినప్పుడు పక్కన నిలబడినవాణ్ణి నేను, అయినా చెప్పేవాణ్ణి.

ఆ కథలో నేను రాసింది ఇదే. పేర్లు మార్చినా. ఒక రాజుకు శాపం, రాణి చచ్చిన కబురు రోజూ కొత్తగా వింటాడు. కోటంతా ఒక్కటై అబద్ధం ఆడుతుంది.

రాసినాక అది బాగుందో లేదో నాకు తెలియలేదు. మిగతా పదింటి సంగతీ తెలియలేదు, దీని సంగతి మాత్రం తెలుసుకోవాలనిపించింది. ఎవరికి వినిపించాలి? నాకు వాడు తప్ప ఎవడున్నాడు?

కట్టడి సడలించినాక నోట్‌బుక్ తీసుకుని పోయినా. ముసలోడా నీకు బుద్ధి లేదా అని నువ్వు అడగబోతావు. ఉంది. ఆలోచించే పోయినా. వాడికి ఏం గుర్తుంటదిలే, రేపటికి మరిచిపోతాడు గదా అనుకున్నా. నా ధైర్యమంతా వాడి జబ్బు మీదే.

షంషాద్ ఇద్దరికీ రొట్టెలు, గోంగూర పచ్చడి పెట్టి నీళ్లు పట్టడానికి పోయింది. "వినరా, కొత్తది" అన్నా. "మాంత్రికుడు ఉన్నాడా బావా?" అని నవ్వినాడు. ఉన్నాడని చదవడం మొదలుపెట్టినా.

రెండో పేజీలో నమలడం ఆపినాడు.

నాకు సంతోషమైందమ్మా. దాచేదేముంది? ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ ఆ దవడ ఆగింది. వాడి కళ్లు చూసినా, నీళ్లున్నాయి. అక్కడ ఆపి ఉండాల్సింది. ఆపలేదు. చివరి దాకా చదివినా.

"అరే బావా, హుసేన్‌బీ గిద్దలూరు పోలేదా?" అన్నాడు.

అబద్ధం నోటికి బాగా అలవాటే, ఆ పొద్దు మాత్రం రాలేదు.

నీళ్ల బిందె తెచ్చిన షంషాద్ వాడి ముఖం చూసింది, నా చేతిలో నోట్‌బుక్ చూసింది. "ఏం చదివినావు మామా?" అంది. చెప్పినా. "రోజూ అన్నం పెట్టి కాపాడుకుంటున్నాం మామా ఆయన్ని. నువ్వు కథ కోసం వచ్చినావా?" అంది. అరవలేదు. "ఇంక రావద్దు" అంది.

మర్నాడు మరిచిపోతాడనుకున్నా గదా, మరవలేదు. కొడుకు పేరు మరిచిపోయినాడంట, మసీదు దారి మరిచిపోయినాడంట, పెండ్లాం చచ్చిపోయిందన్నది మాత్రం నిలిచిపోయింది. మళ్లీ ఏదీ అని అడగలేదంట. అరుగు మీదికి రావడం మానేసినాడు.

ఏంది, ఆ కథ పుస్తకంలో ఎందుకు వేసినావంటావా? అదొక్కటే బాగుంది కాబట్టి. తీసేద్దామని ఒకపూట అనుకున్నా. తీస్తే మిగిలేది గుర్రం ఏడుపు. లైబ్రరీలో సభ పెట్టి శాలువా కప్పినారు, ఈ ఒక్క కథ చాలు అన్నారు. రాసుకో, అది కూడా రాసుకో.

మస్తాను ఆ వానాకాలంలోనే పోయినాడు. మా ఇంటికి వాళ్లిల్లు రెండు వీధులు. నాకు మూడో రోజు తెలిసింది.