పిలుపు పేరు వదిన

స్విచ్చి మీద చెయ్యి తియ్యండి సారూ! పట్టుకుపోడానికి వచ్చారు, పట్టుకుపోండి. వేసి చూడమని ఎవరన్నారు?

కాగితంలో గడి ఉందా? సెట్టు స్థితి రాయాలా? ఆ గడి సంగతి చివర్న చూద్దాం. ముందా స్టూలు మీద కూర్చోండి. కంప్రెసర్ ఆడుతోంది, అరిస్తే గాని వినబడదు. ఆడనివ్వండి, అదే నయం. పక్కగదిలో మా మరిది టైర్లకి గాలి పడుతున్నాడు.

కొండ నడుమ ఈ పంక్చర్ షాపు మా ఆయన పెట్టింది. ఈ రేడియో సెట్టూ ఆయనదే. ఈ కిటికీలోంచి పై మలుపులు మూడూ కనబడతాయి. దిగే లారీవాళ్ళు తమ సెట్లలోంచి దారి ఖాళీయేనా అని అడిగితే, చూసి మైకులో చెప్పేవాడు. ఆయన పోయాక నేను చెప్పాను. ఏం, తప్పా?

మా మరిదీ అప్పట్లో లారీ డ్రైవరే. వాడు 'వదినా' అని పిలుస్తుంటే విని, చానెల్లో ఉన్న లారీలన్నీ అదే పట్టుకున్నాయి. నాకు తండ్రి వయసున్న వాడు కూడా వదినా అంటాడు! నవ్వకండి సారూ, ఒళ్ళు మండుతుంది.

లైసెన్సు లేదంటారా? లేక కాదు, మీరివ్వక! మా ఆయన పోయిన నెలకే అర్జీ పెట్టాను. అందులో 'పిలుపు పేరు' అని ఓ గడి. రేడియోలో నన్ను ఏమని పిలుస్తారనేగా? వదిన అని రాశాను. 'బంధుత్వం రాయరాదు' అని ఎర్రసిరాతో తిరిగొచ్చింది. రెండోసారి నా పేరు రాశాను. 'అసలు పేరు రాయరాదు' అట! మూడోసారి అర్జీ పెడితే నోటీసొచ్చింది. లైసెన్సు వచ్చేదాకా వినొచ్చట, మాట్లాడకూడదట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు!

ఏంటి, ఫోను తీస్తున్నారు? ఇప్పుడు దారి సంగతులన్నీ ఇందులోనే వస్తాయి కదమ్మా అంటారు, అంతేనా?

మొదట దారి సంగతులు చెప్పడానికి స్టేషను పెట్టాం, డిజిటల్ రేడియోలో వినండన్నారు. వస్తే అద్దంలా వస్తుంది, కాదనను. రాకపోతే ఒక్క ముక్క రాదు. కొండ అడ్డొస్తే చాలు, మాయం. నా సెట్టు గరగరలాడినా, ఆ గరగరలోంచే 'ఆగు' అన్న మాట వినబడేది. లారీవాడికి అంతకంటే ఏం కావాలి?

పోనీ ఇంటర్నెట్లో వినండన్నారు. అదే స్టేషను, అదే మనిషి. డిజిటల్ పెట్టె ఇటు, ఫోను అటు పెట్టుకుని నేనే లెక్కపెట్టాను. పెట్టెలో వచ్చిన మాట ఫోనులోకి రావడానికి నలభై సెకన్లు! దిగే లారీ నలభై సెకన్లలో ఎంత దూరం పోతుందో మీ ఆఫీసులో ఒక్కడికైనా తెలుసా?

నాకు తెలుసు.

నోటీసొచ్చిన మర్నాడే. పొద్దున్నే వాన. మూడో మలుపులో సిమెంటు లారీ జారి రోడ్డుకి అడ్డం తిరిగింది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అప్పుడే సెట్టు పలికింది. 'వదినా, మూడో మలుపు ఖాళీయేనా?'

గరగర. ఎవడో పోల్చుకోలేదు. ఎవడైతేనేం, ఒక్క మాట. మైకు పక్కనే ఉంది.

మీకు భయపడ్డాననుకుంటున్నారా? చాల్లెండి, మీ మొహానికి భయం కూడానా! కోపం సారూ. ఒట్టి కోపం. మాట్లాడొద్దన్నారుగా, మాట్లాడను. ఎవడో ఒకడు బంపరు సొట్ట పెట్టుకుని మీ ఆఫీసు మీదకొస్తే అప్పుడు తెలుస్తుంది వదినంటే ఏంటో. ఇలా అనుకుంటూ చేతులు కట్టుకుని కూర్చున్నాను.

'వదినా, ఉన్నావా?' అన్నాడు మళ్ళీ. పోయి ఆఫీసునే అడగరా అన్నాను. బటను నొక్కకుండా, గోడతో.

మూడోసారి గొంతు తేటగా వచ్చింది. 'వదినా, నేనే.'

మైకు ఎప్పుడు అందుకున్నానో తెలియదు. బటను మీద వేలు పెట్టేలోపే చప్పుడైంది. సెట్టులోంచి కాదు, కిటికీలోంచి.

మొదటి పిలుపుకీ ఆ చప్పుడుకీ మధ్య ఎంతసేపో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడానికి నాకు ధైర్యం లేదు.

పరిగెత్తుకెళ్ళాను. మా మరిది కాలు ఇంజను కింద ఇరుక్కుంది. వాడి ఫోను మాత్రం భేషుగ్గా పలుకుతోంది. అంతకుముందు కొండదారి ఖాళీ అని చెప్పిందిట, దాన్ని నమ్మే దిగాడు. నేను వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాక అంటోంది, మూడో మలుపులో లారీ అడ్డంగా ఉంది, జాగ్రత్త అని!

మోకాలి కింద తీసేశారు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి వాడన్న మొదటి మాట, 'సెట్టు పాడైందా వదినా?'

అవున్రా అన్నాను. ఏం చెప్పమంటారు?

అప్పట్నుంచీ దాని మీద దుప్పటి. ఇలా తే, బాగుచేస్తానంటాడు రోజూ. వద్దురా, పోయినదాన్ని పోనీ అంటాను. మీరొచ్చి ఇప్పుడు స్విచ్చి వేస్తానంటారు! అది పలికితే వాడికి వినబడదా?

అదిగో, కంప్రెసర్ ఆగింది. గొంతు తగ్గించండి సారూ. నేనూ తగ్గిస్తాను.

ఆ గడిలో 'పాడైనది' అని రాయండి. మీ కాగితాల్లో ఎన్ని అబద్ధాలు లేవు, ఇదొక్కటీ మోయలేవా? రాశారా? వైర్లు మెల్లిగా పీకండి. వెనక గుమ్మంలోంచి వెళ్ళండి.

ఆఁ? ఎవరూ లేర్రా! పాత సామాన్లవాడు. ఆ పాడు సెట్టు పట్టుకుపోతానంటే ఇచ్చేస్తున్నా.