తలుపు బయటి కబుర్లు

క్యాన్సర్ వార్డు పక్కనున్న చిన్న గదిలో కౌన్సెలర్ ఎదురుగా, ఆ వార్డులో చేరిన లిఫ్టు మెకానిక్ ఒకాయన కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంచమని ఆయనే పట్టుబట్టాడు.

“పొద్దున ఏం తిన్నారు బాబాయ్ గారూ?”

“అదెందుకు? కనుక్కురమ్మని డాక్టరు పంపాడా?”

“ఊరికే అడిగాను.”

“ఊరికే ఎవరూ అడగరమ్మా. రిపోర్టులో ఏదో వచ్చింది, నా దగ్గర దాస్తున్నారు. లేకపోతే నువ్వెందుకొస్తావు?”

“చావు భయం పట్టుకుందని, నిద్ర రావట్లేదని మీరే నర్సుతో అన్నారట. అందుకే వచ్చాను.”

“నా దగ్గరా ఈ వేషాలు? ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేశాను. లోపల ఇరుక్కున్నవాళ్లని నేనూ బయట నిలబడి ఇలాగే అడిగేవాణ్ణి, ఏం తిన్నారు, పిల్లలెంతమంది అని. ఎప్పుడో తెలుసా? తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో నాకే తెలియనప్పుడు.”

“వాళ్లు కనిపెట్టేవారా?”

“ఒక ముసలావిడ కనిపెట్టేసింది. ‘కబుర్లు చాల్లే నాయనా, నిజం చెప్పు’ అంది. తెలీదమ్మా అన్నాను.”

“దానికేమంది?”

“‘సరేలే, తలుపు దగ్గర్నుంచి మాత్రం కదలకు’ అంది.”

“మీ జబ్బు ఎటు తిరుగుతుందో నాకూ తెలీదు బాబాయ్ గారూ. మీ రిపోర్టు నేను చూడలేదు. మంగళవారం, శుక్రవారం మాత్రం ఈ కుర్చీలోనే ఉంటాను.”

ఆయన తెరిచున్న తలుపు వైపు చెయ్యి చూపించాడు.

“ఆ తలుపు వేసెయ్యమ్మా.”

“వేశాను. చెప్పండి.”

“నిన్నట్నుంచి ఏమీ తినలేదు. భయంతో ముద్ద దిగట్లేదు.”